బంగారానికి పసుపు చాలదు: డిజిటల్ స్క్రాప్‌బుక్‌లో రాళ్లు పొదిగిన లోహపు అలంకారాల సంగతి

ఏదైనా త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ఒక గోళం పెట్టండి. దానికి బంగారం లక్షణాలన్నీ సరిగ్గా ఇవ్వండి. చుట్టూ ఇంకేమీ లేకుండా ఒకే ఒక్క దీపం వెలిగించి రెండర్ చేయండి, అంటే సాఫ్ట్‌వేర్‌తో బొమ్మగా లెక్కగట్టించండి. నిగనిగలాడే బంగారు బంతి వస్తుందనుకుంటాం. వచ్చేది దాదాపు నల్లటి ముద్ద, దాని మీద ఎక్కడో ఒక పసుప్పచ్చ చుక్క. సాఫ్ట్‌వేర్ లెక్క ఏమీ తప్పలేదు. మెరుగు పెట్టిన లోహానికి చూపించుకోవడానికి సొంత రూపమంటూ పెద్దగా ఉండదు. ఎదురుగా ఏముంటే దానికి తన రంగు కలిపి తిప్పి చూపిస్తుంది. ఎదురుగా చీకటి ఉంటే చీకటినే చూపిస్తుంది.

డిజిటల్ స్క్రాప్‌బుక్ (కంప్యూటర్‌లో ఫొటోలు, అలంకారాలు పేర్చి చేసే ఆల్బమ్) పేజీల కోసం రాళ్లు పొదిగిన బ్రాడ్‌లు (కాగితానికి గుచ్చే గుండీ లాంటి పిన్నులు), లాకెట్లు, ఫ్రేమ్ మూలలు, క్లిప్పులు తయారుచేసే చాలామందికి ఎదురయ్యే చిక్కు ఇదే. ఆకారం గీస్తారు, పసుపు నింపుతారు, బెవెల్ (అంచులు ఉబ్బెత్తుగా కనిపించేలా చేసే ఎఫెక్ట్) వేస్తారు, ఎక్కడో దొరికిన గోల్డ్ స్టైల్ (ముందే సిద్ధం చేసి పెట్టిన ఎఫెక్ట్‌ల కట్ట) ఒకటి అద్దుతారు. చివరికి చేతికొచ్చేది బంగారు రంగు ప్లాస్టిక్ గుండీ. రాయి అయితే మెరుస్తుంది గానీ అందులో లోతు కనిపించదు.

లోహం, రాయి పక్కపక్కనే కూర్చుంటాయి కాబట్టి రెంటినీ ఒకే తీరులో మెరిపించేయడం అలవాటైపోయింది. కానీ కాంతి ఈ రెంటి దగ్గరా నడుచుకునే పద్ధతి దాదాపు తలకిందులు. ఆ తేడా పట్టుబడితే ఏ సాఫ్ట్‌వేర్‌తోనైనా పని జరుగుతుంది. పట్టుబడనంత కాలం వంద స్టైల్స్ పోగేసుకున్నా పేజీ మీద ఆ గుండీయే కనిపిస్తూ ఉంటుంది.

లోహం తిప్పికొడుతుంది

కాంతి లోహం లోపలికంటూ పోదు. పైపైనే కొంత ఇంకిపోయి మిగతాది వెనక్కి తిరుగుతుంది. వెండి, కంటికి కనిపించే కాంతిలో 90 శాతానికి పైగా తిప్పికొడుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటినీ ఇంచుమించు సమానంగానే పంపుతుంది కాబట్టి వెండికి ప్రత్యేకించి రంగు కనిపించదు. బంగారం ఎరుపును దాదాపు మొత్తంగా, ఆకుపచ్చను నాలుగింట మూడు వంతులు, నీలాన్ని మూడో వంతు మాత్రమే తిప్పి పంపుతుంది. రెండరింగ్ పని చేసేవాళ్లు బంగారానికి మామూలుగా వాడే 1.0, 0.77, 0.34 అనే అంకెలు ఇవే.

ఈ అంకెలు చెప్పే మొదటి సంగతి మెరుపు రంగు గురించి. ప్లాస్టిక్ మీద పడే మెరుపు దీపం రంగులో ఉంటుంది. తెల్ల దీపమైతే తెల్లగా. బంగారం మీద మెరుపు బంగారు రంగులోనే ఉంటుంది. మరీ తీవ్రమైన చోట కెమెరా తట్టుకోలేక తెల్లబడుతుందేమో గానీ ఆ తెలుపు అంచుల్లో లేతపసుపు తప్పకుండా ఉంటుంది. కంప్యూటర్ గ్రాఫిక్స్ తొలినాళ్లలో వస్తువులన్నీ ప్లాస్టిక్‌లా కనిపించడానికి ఇదో పెద్ద కారణం. రాబర్ట్ కుక్, కెన్నెత్ టోరెన్స్ 1982లో ప్రచురించిన పరిశోధన వ్యాసంలో రాగి రంగు ప్లాస్టిక్ కూజానూ అసలు రాగి కూజానూ చూపించి మరీ ఈ తేడా వివరించారు. నలభై ఏళ్లు దాటాయి. అయినా ఉచితంగా దొరికే గోల్డ్ స్టైల్స్ తెరిచి చూస్తే హైలైట్ రంగు ఇంకా స్వచ్ఛమైన తెలుపే!

రెండో సంగతి నీడ గురించి, నాకు ఇదే ఎక్కువ ఆసక్తి. పసుపు రంగును నలుపు కలిపి ముదురు చేస్తే అది గోధుమ రంగులోకి పోదు, పాచిపట్టిన ఆకుపచ్చలోకి జారుతుంది. బంగారు గ్రేడియెంట్‌లో (చీకటి నుంచి వెలుగుకు మెల్లగా మారే రంగులో) చీకటి వైపు మురికిగా కనిపించడానికి అదే కారణం. నిజమైన నగలో సందులూ మూలలూ ఎలా ఉంటాయి? అక్కడికి చేరిన కాంతి ఒక గోడ మీద పడి, ఎదుటి గోడకు తగిలి, అప్పుడు బయటికొస్తుంది. అంటే బంగారం రంగు రెండుసార్లు పడుతుంది. పై అంకెల్ని వాటితోనే హెచ్చవేసి చూడండి: ఎరుపు అలాగే ఉంటుంది, ఆకుపచ్చ సగం కంటే కాస్త ఎక్కువకు దిగుతుంది, నీలం తొమ్మిదో వంతుకు పడిపోతుంది. పసుపు కాస్తా నారింజ అవుతుంది. ఇంకోసారి తగిలితే ఎర్రటి గోధుమ. కాబట్టి బంగారం చీకటిలోకి వెళ్లేకొద్దీ ఎరుపు వైపు జరగాలి.

నేను వాడే మెట్లు ఇవి, చీకటి నుంచి వెలుగుకు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరుసలో, ఒక్కో రంగుకు 0 నుంచి 255 లోపు అంకె: 45, 20, 5, తర్వాత 120, 68, 15, నడుమ 200, 145, 45, ఆపైన 245, 210, 120, చివర 255, 246, 215. ఇవి శాసనమేమీ కాదు, కాస్త అటూ ఇటూ జరుపుకోవచ్చు. అడుగున శుద్ధ నలుపు, పైన శుద్ధ తెలుపు లేకపోవడం మాత్రం కావాలని చేసిందే.

బెవెల్ నిజంగా ఏం చేస్తుంది

ఫోటోషాప్‌లో బెవెల్ అండ్ ఎంబాస్ పెట్టె తెరవగానే కనిపించే స్లైడర్ల గుంపు చూసి భయపడనక్కర్లేదు. అది చేసే పని రెండు మెట్లు. మొదట మీ ఆకారం అంచు నుంచి ఎంత లోపలికి ఉన్నామన్నదాన్ని బట్టి ఒక ఎత్తు ఊహించుకుంటుంది. అంచు దగ్గర పల్లం, లోపలికి పోయేకొద్దీ మెరక. తర్వాత ఆ వాలు ఎటు తిరిగి ఉందో చూసి, దీపానికి ఎదురుగా ఉన్న వాలును వెలుగుగా, వీపు పెట్టిన వాలును చీకటిగా లెక్కగడుతుంది. అంతే. దీపం ఒక్కటే, గది లేదు, కిటికీ లేదు, నేల లేదు. పూర్తిగా దాని మీదే ఆధారపడితే సున్నం ముద్దలా వస్తుంది గానీ లోహం రాదు.

ఇక్కడ ఆదుకునేది గ్లాస్ కాంటూర్ (Gloss Contour, మెరుపు గీత) అనే చిన్న పెట్టె. పేరులో కాంటూర్ ఉంది కదా అని, దాని కిందే విడిగా ఉండే కాంటూర్ అనే మరో అంశంతో కలిపేస్తారు చాలామంది. రెండూ వేరు. విడిగా ఉండే కాంటూర్ వాలు ఆకారాన్ని మారుస్తుంది: గుండ్రంగా రావాలా, మెట్టులా రావాలా, మధ్యలో గాడి పడాలా అన్నది అది చూసుకుంటుంది. గ్లాస్ కాంటూర్ ఆకారాన్ని ముట్టుకోదు. లెక్కగట్టిన వెలుగునీడల్ని తీసుకుని ఇంకో వెలుగునీడగా మారుస్తుంది. ఆ గ్రాఫ్‌లో ఎడమ కొస దీపానికి వీపు పెట్టిన తలం, కుడి కొస దీపాన్ని నేరుగా చూసే తలం. గీత వంకర లేకుండా మూల నుంచి మూలకు తిన్నగా ఎక్కితే మామూలు సున్నం ముద్ద. గీతను రెండు మూడు సార్లు పైకీ కిందికీ వంకరలు తిప్పితే ఒకే వాలు మీద వెలుగు, చీకటి, మళ్లీ వెలుగు పట్టీలు పట్టీలుగా పడతాయి. కంటికి ఆ పట్టీలు కిటికీగా, నేలగా, ఎదుటి గోడగా తోస్తాయి. లేని గదిని ఒక్క గీతతో కల్పించడమన్నమాట.

జేమ్స్ బ్లిన్, మార్టిన్ న్యూవెల్ 1976లో చూపిన ఎన్విరాన్‌మెంట్ మ్యాపింగ్ పద్ధతి చేసేదీ స్థూలంగా ఇదే పని. వస్తువు చుట్టూ ఉన్న పరిసరాన్ని ఒక బొమ్మగా పెట్టుకుని, ప్రతి తలం ఎటు చూస్తోందో దాన్ని బట్టి ఆ బొమ్మలోంచి రంగు తీసుకుంటుంది. గ్లాస్ కాంటూర్ దానికి పేదవాడి రూపం: పరిసరాన్ని మొత్తం బొమ్మగా కాకుండా ఒక్క వంకర గీతగా కుదిస్తుంది.

ఆ గీత గీసేటప్పుడు వంకరల సంఖ్య కంటే వాలు ముఖ్యం. చీకటి నుంచి వెలుగుకు నింపాదిగా ఎక్కి, వెలుగు నుంచి చీకటికి నిలువునా పడాలి. నిజమైన ప్రతిబింబాల్లో అంచులు పదునుగా ఉంటాయి కాబట్టి, ఆ పదును ఎంత ఉంటే లోహం అంత నున్నగా తోస్తుంది. అన్నీ మెత్తగా కరిగిపోతే సాటిన్ మెరుగు, మ్యాట్ మెరుగు. పక్కనే ఉన్న యాంటీ ఎలియాస్డ్ గడిలో టిక్ పెట్టడం మరిచిపోతే పట్టీల అంచులు రంపపు పళ్లలా వస్తాయి.

గింప్ అనే ఉచిత బొమ్మల సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ఈ పెట్టెలేవీ ఇదే రూపంలో ఉండవు. అయినా దారి అదే. ఆకారాన్ని తెలుపు నలుపుల్లో పెట్టి బ్లర్ చేస్తే ఎత్తుల పటం తయారవుతుంది. దాన్ని బంప్ మ్యాప్ ఫిల్టర్‌కు ఇస్తే వెలుగునీడలు వస్తాయి. వాటి మీద కర్వ్స్‌లో వంకర గీత గీస్తే ప్రతిబింబాల పట్టీలు వస్తాయి. చివర గ్రేడియెంట్ మ్యాప్ (ఒక్కో వెలుగు మెట్టుకు ఒక్కో రంగు కేటాయించే సాధనం) రంగు పోస్తుంది. ఫోటోషాప్‌లోనూ నేను ఈ వరుసనే ఇష్టపడతాను: ముందు బూడిద రంగులోనే మెరుపంతా తేల్చుకుని, రంగు ఆఖరున గ్రేడియెంట్ మ్యాప్‌తో వేయడం. ఒకసారి చేసిన వస్తువు వెండిగా, బంగారంగా, రాగిగా మూడు వేషాలు వేస్తుంది. రోజ్ గోల్డ్ కావాలంటే బంగారం మెట్లను రాగి వైపు కాస్త జరిపితే చాలు, అసలు లోహంలోనూ అక్కడ జరిగేది బంగారంలో రాగి పాలు పెరగడమే.

ఒక బ్రాడ్ దగ్గరికి జరిగి చూద్దాం

మామూలు స్క్రాప్‌బుక్ పేజీ 12 అంగుళాల చదరం, అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన 3600 పిక్సెళ్లు. ఒక మిల్లీమీటరుకు దాదాపు 12 పిక్సెళ్లు పడతాయి. 12 మిల్లీమీటర్ల బ్రాడ్ అంటే పేజీ మీద 142 పిక్సెళ్లన్నమాట. అంత చిన్న కాన్వాసు మీద రాయి పలకలు గీయడం కుదరని పని. నాలుగింతలు పెద్దదిగా, అంటే సుమారు 570 పిక్సెళ్ల వెడల్పున గీసి తర్వాత కుదించాలి.

బయటి అంచుకు 90 పిక్సెళ్ల వెడల్పున్న చట్రం గీద్దాం. దీనికి ఇన్నర్ బెవెల్, టెక్నిక్ స్మూత్, సైజు 45. ఆ 45 ఊరికే వచ్చిన అంకె కాదు, చట్రం వెడల్పులో సగం. రెండు వైపుల నుంచీ వాలు మధ్యలో కలుసుకుంటేనే అది గుండ్రటి తీగలా ఉంటుంది. సైజు 20 దగ్గర ఆపితే నడుమ బల్లపరుపు పట్టీ ఒకటి మిగిలి, రేకు కత్తిరించి అంచులు అరగదీసినట్టు ఉంటుంది. అలాంటి వస్తువే కావాలంటే సరే. ఆల్టిట్యూడ్ (దీపం ఎంత ఎత్తున ఉందన్న కోణం) 30 డిగ్రీల దగ్గర పెడితే వెలుగు పక్క నుంచి ఏటవాలుగా పడి ఉబ్బు బాగా తెలుస్తుంది. 60 దాటిస్తే మెరుపు చట్రం నెత్తి మీదికి ఎక్కుతుంది.

గ్రేడియెంట్ మ్యాప్ వాడకుండా బెవెల్‌తోనే రంగు తేల్చేయాలనుకుంటే హైలైట్ రంగును లేతపసుపు చేయండి, షాడో రంగును ఎర్రటి గోధుమ చేయండి. ఈ రెండు చిన్న గడులు మార్చినంత మాత్రాన సగం స్టైల్స్ బాగుపడతాయి.

బ్రష్ మెటల్ గురించి ఒక మాట. నాయిస్ వేసి మోషన్ బ్లర్ కొట్టే చిట్కా అందరికీ తెలిసిందే, పొడవాటి పట్టీలకు అది బాగానే ఉంటుంది. గుండ్రటి బ్రాడ్ తలకు మాత్రం అడ్డగీతలు నప్పవు. తిరుగుతున్న యంత్రం మీద అరగదీసిన బిళ్లకు గీతలు వలయాలుగా పడతాయి కాబట్టి రేడియల్ బ్లర్‌లో స్పిన్ వాడాలి. అలాంటి బిళ్ల మీద మెరుపు చుక్కలా నిలవదు. నడుమ నుంచి రెండు వైపులా విసనకర్రలా విచ్చుకుంటుంది.

రాయి లోపలికి రానిస్తుంది

రాయి మీద పడిన కాంతిలో చాలా తక్కువ పాలు పైనుంచి తిరిగిపోతుంది. ఎదురుగా చూస్తే మామూలు గాజు నుంచి 4 శాతం, పచ్చ నుంచి 5, కెంపు నుంచి 8, వజ్రం నుంచి 17. మిగిలిందంతా లోపలికి దిగుతుంది, అక్కడ రంగు అద్దుకుంటుంది, అడుగు పలకలకు తగిలి తిరిగొస్తుంది. అంటే రాయిలో రెండు కాంతులు ఉన్నాయి. పైనుంచి తిరిగిపోయేది దీపం రంగులోనే ఉంటుంది, కెంపు మీద అయినా పచ్చ మీద అయినా తెల్లటి మెరుపే. లోపలి నుంచి వచ్చేది రాయి రంగు. బంగారంలో తప్పైన తెల్ల హైలైట్ ఇక్కడ ఒప్పు.

పలకలు లేకుండా ఉబ్బుగా సానపట్టిన రాయితో మొదలుపెడితే ఇది తేలిగ్గా తెలుస్తుంది. దీపం పై ఎడమ మూలన ఉందనుకుంటే తెల్లటి మెరుపు పై ఎడమన పడుతుంది, అది సరే. లోపలికి దూరిన కాంతి మాత్రం రాయిని దాటుకుని కింద కుడి వైపున పోగవుతుంది. కాబట్టి అత్యంత ప్రకాశవంతమైన రంగు కింద కుడిన ఉండాలి, మెరుపు చుక్కకు ఆనుకున్న ప్రాంతమే ముదురుగా ఉండాలి. లోహం మీదా సున్నం మీదా దీపం వైపు వెలుగు, అవతలి వైపు నీడ. రాయిలో అది తిరగబడుతుంది. రాతికి కూడా బెవెల్ వేసి వదిలేస్తే గట్టి ప్లాస్టిక్ బిళ్లగా ఎందుకు తేలుతుందో ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. అలాంటప్పుడు ఒక పొర మీద కింద కుడిన మెత్తటి బ్రష్‌తో అదే రంగులో లేత ఛాయ వేసి, బ్లెండ్ మోడ్‌ను కలర్ డాడ్జ్ చేస్తే చాలు, వెంటనే లోతు వచ్చేస్తుంది.

పలకలు కోసిన రాయి ఇంకాస్త కష్టం. గుండ్రటి బ్రిలియంట్ కోతలో 57 పలకలు ఉంటాయి. పైభాగంలో 33: నడుమ అష్టకోణపు బల్ల, దాని చుట్టూ 8 చిన్న త్రిభుజాలు, 8 గాలిపటం ఆకారాలు, అంచున 16 త్రిభుజాలు. కింది భాగంలో 24. అడుగు కొసను చిన్నగా కోస్తే ఇంకొకటి కలిసి 58. మార్సెల్ టోల్కోవ్‌స్కీ 1919లో వజ్రానికి ఏ కోణాలు పెడితే వెలుగు బాగా తిరిగొస్తుందో లెక్కగట్టి ప్రచురించాడు. వజ్రంలో కాంతి సందిగ్ధ కోణం (దీన్ని దాటి ఏటవాలుగా తగిలిన కాంతి బయటికి పోలేక లోపలికే తిరుగుతుంది) 24 డిగ్రీల పైచిలుకు మాత్రమే కావడంతో లోపలికి దిగిన కాంతి అడుగు నుంచి తేలిగ్గా జారిపోలేదు. పలక నుంచి పలకకు తిరుగుతుంది.

మనకు కావలసింది ఆ లెక్కలు కాదు, వాటి పర్యవసానం. పైనుంచి చూసినప్పుడు పక్కపక్క పలకలు ఎక్కడెక్కడి కాంతినో పట్టుకొస్తాయి కాబట్టి వాటి వెలుగులకు పొంతన ఉండదు. ఒకటి ధగధగ, పక్కది చీకటి. అందుకే పలకలన్నిటికీ నింపాదిగా ఒక వైపు నుంచి మరో వైపుకు గ్రేడియెంట్ పోస్తే అద్దం ముక్కలు అతికించిన గోపురంలా ఉంటుంది, రాయిలా ఉండదు. ఒకే రంగులో అయిదారు ఛాయలు పెట్టుకుని, ఆనుకున్న పలకలకు దూరపు ఛాయలు పడేలా చెదరగొట్టాలి. దాదాపు నలుపు అనిపించే పలకలు రెండు మూడు ధైర్యంగా పెట్టాలి. చీకటి లేకపోతే తళుకు తెలియదు. ఆ తర్వాత ఈ పలకల బొమ్మకే నకలు తీసి, 22.5 డిగ్రీలు తిప్పి, కొద్దిగా కుదించి, ఓవర్‌లే మోడ్‌లో సగం పారదర్శకంగా పైన పెడితే, పై పలకల్లోంచి అడుగు పలకలు కనిపిస్తున్న భ్రమ వస్తుంది. శాస్త్రం ప్రకారం ఇది సరైన లెక్క కాదు, కంటికి మాత్రం చాలు.

ఛాయల ఎంపికలో కూడా లోహానికీ రాయికీ తేడా ఉంది. రాయిలో కాంతి ఎంత దూరం నడిస్తే రంగు అంత చిక్కబడుతుంది. కెంపు పలచని అంచుల్లో గులాబీ వైపు, నడుమ లోతుల్లో ముదురు ఎరుపు వైపు ఉంటుంది. తెలుపూ నలుపూ కలుపుకుంటూ ఒకే ఎరుపును పొడిగిస్తే ఈ తేడా రాదు. ఇంద్రధనుస్సు రంగుల చెమ్కీలు వజ్రం మీద పెట్టండి. వజ్రానికి కాంతిని రంగులుగా విడగొట్టే గుణం 0.044, కెంపుకు 0.018 మాత్రమే. పైగా కెంపు తన ఎరుపులోనే ఆ రంగుల్ని ముంచేస్తుంది. ఎర్రరాయిలో ఆకుపచ్చ తళుకు కనిపిస్తే ఎక్కడో తేడా కొడుతోందని ఎవరికైనా అనిపిస్తుంది, ఎందుకో చెప్పలేకపోయినా.

ఇవన్నీ 570 పిక్సెళ్ల మాటలు. కుదించి 142కి తెచ్చాక 57 పలకలూ కలిసిపోయి రవ్వంత మసకగా మిగులుతాయి. నిజం చెప్పాలంటే పేజీ మీద 5 మిల్లీమీటర్ల రాయికి 60 పిక్సెళ్లే దక్కుతాయి. అక్కడ నడుమ బల్ల, చుట్టూ 8 ముక్కలు, ఒక తెల్ల మెరుపు, అంతే సరిపోతుంది. ఎక్కువ పలకలు పెట్టినంత మాత్రాన ఎక్కువ రాయి అవ్వదు.

నక్షత్రం ఆకారపు మెరుపుల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అవి రాతివి కావు, కెమెరా చేసే చిత్రం. లెన్సులో కాంతి దూరే కంత అంచుల దగ్గర కాంతి వంగడం వల్ల ఆ కిరణాలు వస్తాయి. కంతకు ఆరు రెక్కలుంటే ఆరు కిరణాలు, ఏడు రెక్కలుంటే పద్నాలుగు. కాబట్టి ఒకే పేజీలో నాలుగు కిరణాల మెరుపూ ఎనిమిది కిరణాల మెరుపూ కలిపితే రెండు కెమెరాలతో తీసిన ఫొటోలు అతికించినట్టే. వస్తువుకు ఒకటి, మహా అయితే రెండు. అసలు లేకపోయినా నష్టం లేదు.

పొదిగినట్టు ఉండాలి, పెట్టినట్టు కాదు

లోహం బాగా కుదిరి, రాయీ బాగా కుదిరి, రెండూ కలిపితే స్టిక్కర్ అంటించినట్టు ఉండటం చాలా మామూలు. రాయి కూర్చున్న గుంట గీయకపోవడం వల్లే అలా ఉంటుంది. రాయి చుట్టూ, లోహానికి తగిలే చోట, సన్నటి ముదురు గీత ఉండాలి. అక్కడికి వెలుగు చేరదు. డ్రాప్ షాడోతో ఇది రాదు, అది ఒక వైపే పడుతుంది. అవుటర్ గ్లోను మల్టిప్లై మోడ్‌కు మార్చి ముదురు గోధుమ రంగిస్తే చుట్టూతా పడుతుంది. లోహపు లోపలి అంచు మీద రాయి రంగు కాస్త పులమాలి కూడా. ఎదురుగా ఎర్రరాయి ఉన్నప్పుడు బంగారం దాన్ని చూపించకుండా ఉండలేదు కదా.

రాయిని పట్టి ఉంచే కొక్కేలు రాయి మీదికి ఎక్కాలి. చాలా బొమ్మల్లో అవి రాయి పక్కన నిలబడి చూస్తూ ఉంటాయి.

ఆ కొక్కేల దగ్గరే ఒక ఉచ్చు ఉంది. ఒక కొక్కేం గీసి, దానికి మెరుపు పెట్టి, లేయర్‌ను ఫ్లాటెన్ చేసి, 90 డిగ్రీల చొప్పున తిప్పుతూ నాలుగు నకళ్లు పెడతారు. మెరుపు కూడా కొక్కేంతో పాటే తిరుగుతుంది. పై కొక్కేనికి ఎడమన వెలుగు, కింది దానికి కుడిన వెలుగు. నాలుగు దీపాలు నాలుగు దిక్కుల నుంచి వేసినట్టు ఉంటుంది. ఆకారాన్ని మాత్రమే తిప్పి, బెవెల్‌ను చివర్లో నాలుగింటికీ ఒకేసారి వేస్తే ఈ గొడవ ఉండదు.

ఫ్రేమ్ మూలలకు ఇదే జబ్బు ఇంకా పెద్ద ఎత్తున వస్తుంది. జిలుగు పనితో ఒక మూల చేసి, పేజీ చేసేవాళ్లు తిప్పుకుంటారులే అని వదిలేస్తాం. వాళ్లు నిజంగానే తిప్పుతారు. కింది మూలలో వెలుగు కింది నుంచి పడుతున్నట్టవుతుంది. అప్పుడు కన్ను ఉబ్బును గుంటగా చదువుతుంది. వెలుగు పైనుంచే వస్తుందని మన మెదడు ముందే అనుకుని కూర్చుంటుందన్న విషయాన్ని వి.ఎస్. రామచంద్రన్ 1988లో చక్కటి ప్రయోగాలతో చూపించారు. మెదడుతో వాదించి ప్రయోజనం లేదు. నాలుగు మూలలూ విడివిడిగా వెలుగు సరిచూసి ఇవ్వడం ఉత్తమం. అంత ఓపిక లేకపోతే ఆల్టిట్యూడ్ బాగా పెంచి, దీపాన్ని దాదాపు నడినెత్తిన పెట్టి చేయండి. ఉబ్బు కొంచెం తగ్గుతుంది గానీ ఎటు తిప్పినా మోసం చేయదు. బ్రాడ్‌లు, చిన్న చిన్న రాళ్ల వంటి, జనం ఎలా పడితే అలా తిప్పే వస్తువులన్నిటికీ నా ఓటు ఈ రెండో పద్ధతికే.

అంచు, నీడ, ఫైలు

అలంకారం బయటికి వెళ్లేది పీఎన్‌జీ ఫైలుగా. జేపెగ్‌లో పారదర్శకత ఉండదు. పీఎన్‌జీలోనూ 256 రంగులకు కుదించే 8-బిట్ రకం లోహానికి పనికిరాదు, గ్రేడియెంట్లు మెట్లు మెట్లుగా విరిగిపోతాయి. పూర్తి రంగుల్లో సేవ్ చేసినా పెద్ద, మెత్తటి మెరుపుల్లో సన్నటి చారలు కనిపిస్తే 1 శాతం నాయిస్ చల్లండి, సర్దుకుంటుంది.

పారదర్శక అంచు దగ్గర ప్రతి పిక్సెల్‌కూ రంగుతో పాటు ఎంత నిండుగా ఉందన్న అంకె కూడా ఉంటుంది. థామస్ పోర్టర్, టామ్ డఫ్ 1984లో స్థిరపరిచిన లెక్క ఇప్పటికీ ఇదే. వస్తువును తెల్ల నేపథ్యం మీద తయారుచేసి, మ్యాజిక్ వాండ్‌తో తెలుపు తీసేస్తే, అంచు పిక్సెళ్లలో కలిసిపోయిన తెలుపు అలాగే ఉండిపోతుంది. తెల్ల కాగితం మీద ఏమీ తెలియదు. ముదురు కాగితం మీద పెట్టగానే వస్తువు చుట్టూ పాలిపోయిన గీత తేలుతుంది. ఫోటోషాప్ మ్యాటింగ్ మెనూలో డీఫ్రింజ్, రిమూవ్ వైట్ మ్యాట్ అనేవి ఉన్నది దీనికోసమే. అసలు మొదటి నుంచీ ఖాళీ లేయర్ మీదే గీస్తే వాటి అవసరమే రాదు. బయటికి పంపే ముందు తెలుపు, నలుపు, ముదురు ఎరుపు కాగితాల మీద పెట్టి చూడటం తప్పనిసరి.

డ్రాప్ షాడోను వస్తువులో కలిపి ఇవ్వకండి. పేజీ చేసేవాళ్లు తమ దీపం దిక్కుకు తగ్గట్టు నీడలన్నీ వాళ్లే వేసుకుంటారు. మీ నీడ ఒక వైపు, వాళ్ల నీడ ఒక వైపు పడితే పేజీ మొత్తం చెడుతుంది. నమూనా బొమ్మలో మీరు వేసేటప్పుడు వస్తువు ఎత్తును గుర్తుపెట్టుకోండి: కాగితానికి అతుక్కున్న బ్రాడ్‌కు అర మిల్లీమీటరు, అంటే 6 పిక్సెళ్ల ఎడం చాలు. వేలాడే లాకెట్‌కు అంతకు నాలుగింతలు, ఇంకా మెత్తగా.

లేయర్ స్టైల్స్ లెక్కంతా పిక్సెళ్లలో ఉంటుందన్నది కూడా మరిచిపోకూడదు. 570 పిక్సెళ్ల వస్తువుకు కుదిరిన బెవెల్, కుదించాక అదే సైజులో నిలబడిపోతే ముద్దగా తయారవుతుంది. ఇమేజ్ సైజ్‌లో స్కేల్ స్టైల్స్ గడి టిక్ అయి ఉందో లేదో చూసుకోండి, లేదా స్టైల్స్ అన్నీ లేయర్‌లో కలిపేశాకే కుదించండి.

ఇన్ని తంటాలు పడేకన్నా బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లో త్రీడీగా చేసేస్తే పోలేదా అంటారా? పోతుంది, నేర్చుకునే ఓపిక ఉంటే. వస్తువు పదార్థం ఎలా ఉండాలో చెప్పే ప్రిన్సిపుల్డ్ బీఎస్‌డీఎఫ్‌లో మెటాలిక్ 1, రఫ్‌నెస్ 0.1 నుంచి 0.3 మధ్య, చుట్టూ పరిసరానికి ఒక హెచ్‌డీఆర్ బొమ్మ (మామూలు ఫొటో కంటే వెలుగునీడల తేడాలు ఎక్కువగా పట్టేది), ఫిల్మ్ కింద ట్రాన్స్‌పరెంట్ టిక్. లోహం సందుల్లోని ఎరుపుతో సహా అన్నీ అదే లెక్కగడుతుంది. రాయి దగ్గర మాత్రం ఒక జాగ్రత్త: అడుగున ఏమీ లేకుండా వదిలేస్తే అది చుట్టూ ఉన్న పరిసరాన్నే చూపిస్తూ వెలవెలబోతుంది. రాయి కింద చిన్న లోహపు గిన్నె పెడితే వెలుగు తిరిగొస్తుంది.

ఇక అనుమతుల సంగతి. సొంత పేజీలకు వాడుకోవడం ఒకటి, తయారుచేసి ఇతరులకు ఇవ్వడం లేదా అమ్మడం ఇంకొకటి. పర్సనల్ యూజ్ అని ఉన్న స్టైల్‌తో చేసిన బ్రాడ్‌ను కిట్‌లో పెట్టి అమ్మడానికి లేదు. కమర్షియల్ యూజ్ అని ఉన్నా, మార్చకుండా విడి వస్తువుగా మళ్లీ పంచకూడదని చాలామంది తయారీదారులు షరతు పెడతారు. జనం పెద్దగా పట్టించుకోనివి డింగ్‌బ్యాట్ ఫాంట్లు, అంటే అక్షరాల బదులు చిన్న బొమ్మలుండే ఫాంట్లు. అందులోని పువ్వు ఆకారాన్ని తీసుకుని బంగారంగా మార్చి అమ్ముదామంటే ఆ ఫాంట్ లైసెన్స్ ఒప్పుకోవాలి. అక్షరాలుగా వాడుకునే అనుమతి, విడి బొమ్మలుగా అమ్ముకునే అనుమతి ఒకటి కావు. షేప్ టూల్‌తో వృత్తాలూ చాపాలూ కలిపి సొంతంగా గీసుకున్న ఆకారానికి ఈ పేచీ ఉండదు. పైన చేసిన బ్రాడ్‌కైతే రెండు వృత్తాలు, ఒక అష్టకోణం, కొన్ని త్రిభుజాలు, అంతకు మించి పట్టలేదు.